ఎవరిదీ కాని గది

తుపాకీ కంతలో చెయ్యి భుజం దాకా దూర్చి, అవతల నిలబడ్డవాడి వేళ్ళు తగులుతాయేమో చూడడం మాకు ఏటా వేసవిలో ఒక పరీక్ష. చిన్న చేతులకు తగిలేవి కావు, గోడ అంత మందం. కాస్త ఎదిగినవాడికి మాత్రం చెమటతో, ఇసకతో గరగరలాడే ఇంకో అరచెయ్యి దొరికేది, ఆ ఏడు ఎవరెంత పొడుగయ్యారో అలా తేలేది. విశాఖపట్నంలో చినవాల్తేరు ఇళ్ళు దాటి, సరుగుడు తోపుల్లోంచి జాలారిపేట వైపు దిగితే సముద్రపు ఒడ్డున ఉండేదా బంకరు. నల్లబడిపోయిన సిమెంటు దిమ్మ, పైన మందపాటి కప్పు, వెనక వంగితే తప్ప దూరలేని గుమ్మం, ముందు సముద్రానికి ఎదురుగా అడ్డంగా కోసిన కంతలు. సగం ఇసకలో కూరుకుపోయి ఉండేది గనక ఒక పక్కనుంచి కప్పు మీదికి ఎవరైనా నడిచి ఎక్కెయ్యొచ్చు, మేకలు కూడా ఎక్కేవి. గుమ్మానికి తలుపు ఉండేది కాదు. ఇనుమన్నది ఏ కాస్త ఉన్నా మేం పుట్టకముందే పాత సామాన్లవాడి తూకానికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు చదివి తెలుసుకున్నది కలుపుకుని చెబుతున్నాను గాని, అది ఎందుకు కట్టారో అప్పట్లో మాలో ఎవడికీ సరిగ్గా తెలీదు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను సైన్యం సముద్రం మీదుగా వచ్చి ఒడ్డున దిగుతుందన్న భయంతో ఈ తీరం పొడుగునా అలాంటివి అక్కడక్కడా కట్టారు. అప్పటికి విశాఖ హార్బరు కొత్తది, 1933లో తెరిచారు. సింధియా ఓడల కర్మాగారానికి 1941లో రాజేంద్రప్రసాద్ గారు శంకుస్థాపన చేశారు. బర్మా పడిపోతోంది, శత్రువు కన్ను ఈ రేవు మీద పడడంలో వింతేమీ లేదు. 1942 ఏప్రిల్ 5న కొలంబో మీద బాంబులు పడ్డాయి, మర్నాడే, 6న, బంగాళాఖాతంలో తిరుగుతున్న ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి వచ్చిన విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. అంటే వచ్చినవాడు పైనుంచి వచ్చాడు, పని చూసుకుని పైనుంచే పోయాడు. నీళ్ళలోంచి నడిచి వస్తాడని కంతలు పెట్టి కూర్చున్న ఈ గదులకు ఆ రోజూ పని పడలేదు, ఆ తర్వాతా పడలేదు. ఆనాటి బాంబు డొల్ల ఒకటి ఇప్పటికీ విశాఖ మ్యూజియంలో ఉంది, చూసినవాళ్ళు దాని పక్కన నిలబడి ఫొటో దిగి ముందుకెళ్ళిపోతారు.

మా నాయనమ్మ మాత్రం బాంబుల గురించి చెప్పమంటే బాంబుల గురించి చెప్పేది కాదు. ఆవిడ జ్ఞాపకంలో ఆ ఏప్రిల్ అంటే ఆవకాయకని తెప్పించిన కాయలు, ముక్కలు కొట్టేసరికి మధ్యాహ్నమై, ఆవపిండి ఇంకా కలపకముందే ఊరు ఖాళీ అవుతోందన్న కబురు, ఎడ్లబండి దొరక్క బండివాడితో బేరాలు, పెరట్లో గొయ్యి తీసి పాతిపెట్టిన ఇత్తడి బిందెలు, వదిలేసి వెళ్ళిన గేదె. తాతయ్య బెంగాల్ నాగపూర్ రైల్వేలో గుమాస్తా, ఉద్యోగం వదిలి రాకూడదు గనక ఉండిపోయారు. ఆవిడ పిల్లల్ని వేసుకుని లోపలి పల్లెలో బంధువుల వసారాలో ఎండాకాలం గడిపింది. ఊళ్ళో సగం వీధులు తాళాలతో ఉండేవట, ఆంధ్ర విశ్వవిద్యాలయమే గుంటూరుకు తరలిపోయింది, ఇంక మనుషులెంత. తిరిగొచ్చాక బిందెలు పాతిన చోటు తవ్వితే ఒకటి తక్కువొచ్చిందని, ఆ గొయ్యి తీసిన మనిషి మీద అనుమానం ఉన్నా అడగలేకపోయానని, జపానువాడి మీద లేని కోపం ఆ ఒక్క బిందె మీద చూపించేది. యుద్ధం ఆవిడ దగ్గరికి అలా వచ్చింది, చిన్న చిన్న లెక్కలుగా. ఆ బంకరు దగ్గరికి మేం ఆడుకోడానికి వెళ్తున్నామని తెలిస్తే, "ఆ మిలట్రీవాళ్ళ కొంపలో ఏం పనర్రా మీకు" అనేది, సోల్జర్లు ఇంకా అందులోనే కూర్చుని ఉన్నట్టు.

సోల్జర్లు లేరు గాని జనం ఉండేవారు, ఎప్పుడూ ఎవరో ఒకరు. తెల్లారగట్ల జాలారిపేట మగవాళ్ళు తెప్పలు నెట్టుకుపోయేవేళకు కప్పు మీద ఒకళ్ళిద్దరు ముసలాళ్ళు బీడీలు కాల్చుకుంటూ నీళ్ళ రంగు చూసి చేప ఏ వైపు ఉందో చెప్పేవాళ్ళు. పొద్దెక్కాక కప్పంతా ఆడవాళ్ళది. ఇసక మీద ఆరబోసిన చేపకు ఇసక అంటుకుంటుంది, సిమెంటు మీద ఆరితే శుభ్రంగా ఉంటుంది, ధర పలుకుతుంది. అందుకని నెత్తళ్ళు, కవ్వళ్ళు, పొడుగాటి సావళ్ళు వరసలు వరసలుగా మెరుస్తూ పరుచుకునేవి. గద్దలనీ కాకులనీ తోలడానికి తాటాకు విసనకర్ర పట్టుకుని ఒక మామ్మ కూర్చునేది, ఆవిడ పేరు మేమెప్పుడూ అడగలేదు, మా పేర్లు మాత్రం ఆవిడకు తెలుసు. లోపలి గదిలో ఒక మూల ఆవిడ గంపలు, ఉప్పు మూట, చిరిగిన వల. ఇంకో మూల ఎవరివో తెడ్లు, కొబ్బరితాళ్ళు, పడవ పగుళ్ళకు పూసే కీలు డబ్బా. వాసన సంగతి చెప్పాలంటే ముందు ఎండుచేప, దాని వెనక కీలు, దాని వెనక తడి సిమెంటు, అన్నిటికీ అడుగున ఉచ్చకంపు. ఇందులో ఏ ఒక్కటి తీసేసినా అది ఆ గది కాదు.

మా వేళ మధ్యాహ్నం మూడు దాటాక, చేప గంపల్లోకి ఎత్తేశాక. అంతకుముందు వెళ్తే మామ్మ ఊరుకునేది కాదు. "ఏట్రా గుంటల్లారా, ఇయ్యాల కూడా యుద్దమేనేటి? నా నెత్తళ్ళు తొక్కీసినారంటే మీ తాట తీసెగల్ను" అనేది, అని, చేతికందినవాడికి మాత్రం కాస్త చెరుకుముక్కో తేగముక్కో పెట్టేది. యుద్ధమే, ఇంకేముంటుంది అలాంటి చోట. తుపాకులు తాటిమట్టలవి, గుళ్ళు సరుగుడు కాయలు. ఎండిన సరుగుడు కాయ చిన్నదే గాని గురి చూసి కొడితే చెవి దగ్గర మంట సాయంత్రం దాకా తగ్గదు. లోపల ఉన్నవాళ్ళు మన సైన్యం, ఇసక తిన్నెల వెనకనుంచి పాకుతూ వచ్చేవాళ్ళు శత్రువులు, శత్రువుగా ఉండడానికి ఎవడూ ఒప్పుకోడు గనక పంటలు వేసుకుని తేల్చేవాళ్ళం. మా చిన్నాన్నల కాలంలో శత్రువు జపాను, మా కాలానికి పాకిస్తాను. గది అదే, కంతలు అవే. ఇంతకీ ఆటలో తేలిన రహస్యం ఏమిటంటే ఆ గదిలో ఉన్నవాళ్ళు ఎప్పుడూ ఓడిపోయేవాళ్ళు. కంతలోంచి ఎదురుగా ఉన్న ముక్క మాత్రమే కనపడుతుంది, పక్కనుంచి వచ్చేవాడు కనపడడు, వెనక గుమ్మం దగ్గర ఒక్కడు నిలబడితే లోపలున్న నలుగురూ బందీలు. కట్టిన ఇంజనీర్లకు ఆ సంగతి తెలియక కాదు, వాళ్ళ లెక్కలో గది ఒంటరిగా ఉండేది కాదు. పక్కన ఇంకోటీ, మధ్యన మనుషులూ ఉంటారు. మాకు దొరికింది ఆ లెక్కలోంచి ఊడిపడిన ఒక్క అంకె.

1971 డిసెంబరులో ఆ ఆట కొన్నాళ్ళు ఆగిపోయింది. కిటికీలకు నల్లకాగితాలు అంటించారు, వీధి దీపాలు లేవు, సాయంత్రం ఏడయ్యేసరికి ఊరంతా గుడ్డి చీకటి, లాంతరు వత్తి కొంచెం పెద్దదైతే బయటనుంచి ఎవరో అరిచేవారు. 3వ తేదీ అర్ధరాత్రి దాటాక సముద్రంలోంచి వచ్చిన చప్పుడుకు కిటికీ అద్దాలు గలగలమన్నాయని పెద్దవాళ్ళు చెప్పుకున్నారు, నేను నిద్రపోయాను. మన విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ హార్బరు ముఖద్వారం దగ్గరలోనే మునిగిపోయింది. మన రాజ్‌పుత్ నౌక ముంచిందని మన నౌకాదళం అంటుంది, లోపలే జరిగిన పేలుడని అవతలివాళ్ళు అంటారు, అది ఇప్పటికీ ఆ నీళ్ళ అడుగునే ఉంది. తెల్లారి నీళ్ళమీద తేలుతున్న సామాన్లు మొదట కంటబడింది వేటకెళ్ళిన జాలర్లకు. వాళ్ళు తెచ్చి అప్పగించాకే అక్కడేం జరిగిందో ఊహకు అందింది. ఇదంతా ఆ తర్వాత పుస్తకాల్లోకీ, సినిమాలోకీ ఎక్కింది. జాలారిపేటలో మాత్రం ఆ డిసెంబరు గురించి అడిగితే, రాత్రిళ్ళు వేటకు వెళ్ళనీయలేదు, పొయ్యిలు వెలగలేదు, అన్న మాటే ముందు వస్తుంది. మా నాయనమ్మ బిందెలూ వీళ్ళ పొయ్యిలూ ఒకే లెక్కల పుస్తకంలోవి.

ఆ నల్లకాగితాలు చింపేశాక మళ్ళీ ఆట మొదలైంది, ఈసారి చచ్చిపోవడానికి నిలబడే తీరులో ఒక కొత్త పొగరు వచ్చింది, అంతే తేడా.

ఇవన్నీ ఇంత ముచ్చటగా చెబుతుంటే నాకే అనుమానం వస్తుంది. ఆ గది దగ్గరికి మా అక్క కూడా వచ్చేది, సరుగుడు కాయ విసరడంలో దాని గురి మా ఎవ్వరికీ లేదు. ఒక వేసవి వచ్చేసరికి "ఆడపిల్లకి అక్కడేం పని" అన్న మాట ఇంట్లో పుట్టింది, ఆ మాటకు గడువేమీ లేదు, ఆ తర్వాత సముద్రం దానికి ఆదివారం సాయంత్రాలు, అమ్మానాన్నల పక్కన, ముంత మసాలా తింటూ చూసేదిగా మిగిలింది. పెద్దవల లాగేటప్పుడు తాడు పట్టిన పిల్లలందరికీ దోసెడు చేప పంచేవాళ్ళు, నా వాటా నేను ఇంటికి తీసుకెళ్ళడానికి లేదు, పేట కుర్రాడొకడికి ఇచ్చేసేవాణ్ణి. అది నా దాతృత్వమని చాలాకాలం అనుకున్నాను, వాడి ఇంట్లో దాన్ని వేరేగా అనుకుని ఉండొచ్చు. ఇంటికొస్తే నూతి దగ్గరే నీళ్ళు పోసుకుని, బట్టలు పిండి, అప్పుడు గుమ్మం ఎక్కాలి. వాళ్ళ గుమ్మం మేమూ ఎక్కలేదు, మా గుమ్మం వాళ్ళూ ఎక్కలేదు. మేం కలిసింది ఆ గదిలోనే, ఎందుకంటే అది ఎవరి గుమ్మమూ కాదు. పొద్దుగూకాక అది ఇంకో రకం మనుషులది, సారా సీసాలూ మూడుముక్కలాటా, ఒక్కోసారి కొట్లాటలు. మర్నాడు మా కాళ్ళకు గుచ్చుకున్న గాజుపెంకులు ఆ రాత్రుళ్ళవి. నల్లబడ్డ గోడల మీద బొగ్గుతో పేర్లు ఉండేవి, 'మరోచరిత్ర' సినిమా వచ్చాక రెండేసి పేర్లు జంటగా ఎక్కువయ్యాయి. ఒడ్డున ఆ చోట అల లోపలికి లాగేది, మా బడి కుర్రాడొకడు స్నానానికి దిగి పోయాడు; వాణ్ణి పడుకోబెట్టింది కూడా ఆ కప్పు నీడలోనే. అక్కడికి వెళ్ళొద్దన్న పెద్దవాళ్ళు తప్పేమీ చెప్పలేదు.

తర్వాత్తర్వాత ఇసక కదిలింది. ఈ తీరం పొడుగునా ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది, నైరుతి గాలి తెచ్చే అలలతో. ఆ నడకకు అడ్డంగా ఏది కట్టినా ఒక పక్క మేట, ఇంకో పక్క కోత. హార్బరు కట్టిన తొలినాళ్ళలోనే ఈ ఇసకతో తంటా పడి, రెండు పాత ఓడల్ని ముఖద్వారం దగ్గర కావాలని ముంచి అడ్డుగా పెట్టారు. 1970ల్లో ఔటర్ హార్బరు గోడలు సముద్రంలోకి సాగాక, వాటికి ఉత్తరాన ఉన్న మా ఒడ్డుకు రావలసిన ఇసక తగ్గింది, పోర్టువాళ్ళు డ్రెడ్జరుతో తవ్వి ఏటా తెచ్చి పోస్తే తప్ప బీచి నిలవని రోజులు వచ్చాయి. రేవుకు ఓడలు రాకపోతే ఈ ఊరికి ఉద్యోగాలు లేవు, మా నాన్న జీతమూ లేదు. ఒకే గోడ అన్నం పెట్టింది, ఒడ్డు తిన్నది. మా బంకరు అడుగున ఉన్న ఇసక జారి, ఒక పక్కకు ఒరిగింది. నడిచి ఎక్కిన కప్పు ఎత్తయిపోయింది. వంగి దూరిన గుమ్మం ఒక ఏడు నడుము ఎత్తున ఉండేది, ఇంకో ఏడు పూర్తిగా పూడిపోయేది. కప్పు ఏటవాలయ్యాక చేప జారుతుంది గనక ఆరబోయడం మానేశారు. ఏదో ఒక రోజున ఎవరో నిర్ణయించి మానింది కాదు, ఒక్కో గంపే ఇంకో చోటికి జరిగింది.

మనుషులూ అలాగే జరిగారు. తెప్పల స్థానంలో ఫైబరు పడవలు, ఇంజన్లు. నా చేప వాటా తీసుకున్న కుర్రాడు ఫిషింగ్ హార్బరులో మరబోటు మీద కళాసీగా చేరి, ఒడ్డుకు వారాల తరబడి వచ్చేవాడు కాదు. బీచి రోడ్డు వెడల్పయింది, సరుగుడు తోపు సన్నబడింది, మిగిలిన చెట్లలో చాలా వాటిని 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఒక్క పూటలో పడగొట్టింది. ఆ మామ్మ ఎప్పుడు పోయిందో నాకు తెలీదు. రోడ్డు పక్కన ఎండుచేప ఆరబోస్తే కంపని ఫిర్యాదులు, ఫిర్యాదు చేసేవాళ్ళు కొత్త అపార్టుమెంట్లలో కిటికీలోంచి వేలంత సముద్రం కనపడుతుందని లక్షలు పోసినవాళ్ళు. వాళ్ళ బాధ వాళ్ళది, ఆ కంపు భరించడం నాకూ ఇప్పుడు కష్టమే.

యుద్ధాన్ని మాత్రం ఊరు వదల్లేదు, ఒడ్డున అందంగా అమర్చుకుంది. 1971 విజయానికి స్మారకం కట్టారు, సోవియట్‌లో తయారైన కుర్సురా జలాంతర్గామి పని మానేశాక దాన్ని ఇసక మీదికి లాగి 2002లో మ్యూజియం చేశారు, 2017లో ఎదురుగా టీయూ-142 విమానం కూడా వచ్చి కూర్చుంది. చాలా ఏళ్ళు డిసెంబరు 4న నౌకాదళం విన్యాసాలు చూడడానికి ఊరు ఊరంతా ఒడ్డుకు వచ్చేది, నేనూ పిల్లల్ని భుజాన ఎత్తుకుని వెళ్ళినవాణ్ణే. కుర్సురాలో క్యూలో నిలబడి ఇరుకు గుమ్మాల్లోంచి వంగి వంగి నడుస్తుంటే, మనుషులు ఇంత చిన్న చోట నెలలు గడిపారా అనిపిస్తుంది, నేర్చుకోవడానికి చాలా ఉంది. కాని అక్కడ ఏదీ ముట్టుకోకూడదు, ఆగకూడదు, వెనకవాడు తోస్తాడు. నిజంగా సముద్రంలోకి వెళ్ళొచ్చిన ఓడ అలా భద్రంగా ఉంది. ఒక్క గుండూ పేల్చని మా గది చూడ్డానికి ఎవరికీ టిక్కెట్టు అక్కర్లేదు, చూడమని ఎవరూ చెప్పరు కూడా.

ఈ మధ్య కాలంలో మాట మారింది. ఆర్కే బీచిలో కోతకు ఇసక కొట్టుకుపోయి ఇలాంటిదే ఒక పాత బంకరు బయటపడినప్పుడు పత్రికలు ఫొటోలు వేశాయి, చరిత్ర తెలిసినవాళ్ళు ఇవి ఊరి వారసత్వం, కాపాడాలన్నారు. న్యాయమే. ఎనభై ఏళ్ళు దాటిన కట్టడం, ఈ ఒడ్డున ఆ భయానికి మిగిలిన సాక్ష్యాలు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. కంచె వెయ్యాలి, పునాది కింద రాళ్ళు పొయ్యాలి, లోపల శుభ్రం చెయ్యాలి. సంతకం పెట్టమంటే పెడతాను. పెడుతూనే ఒకటి తెలుసు, కంచె పడ్డ రోజున అది ఎవరిదో ఒకరిది అవుతుంది, ఒక శాఖది, ఒక కాపలాదారుది, ఒక వేళల పట్టికది. మా గది సిపాయిలది అయింది కొద్దికాలమే. ఎవరిదీ కాకుండా ఉన్నది దశాబ్దాలు. ఆ దశాబ్దాల్లోనే దానివల్ల నలుగురికీ అక్కర తీరింది. ఊరు పెరిగినప్పుడు మొదట మాయమయ్యేది ఇలాంటి చోటే, గట్టి యజమాని ఉన్నది ఏదో విధంగా నిలుస్తుంది, నిర్లక్ష్యానికి యజమాని ఉండడు. మా వీధి పిల్లలు ఇప్పుడు సెల్లారులో కార్ల మధ్య ఆడతారు, వాచ్‌మన్ తరుముతాడు, మళ్ళీ వస్తారు. వాళ్ళకు కావలసిన చోటు వాళ్ళు చూసుకుంటారు, ఆ విషయంలో నాకు దిగుల్లేదు. జాలారిపేట పిల్లలూ వీళ్ళూ కలిసే చోటు ఒకటి ఉండేది, అది మాత్రం ఏ ప్లానులోనూ మళ్ళీ గీయలేదు.

ఎప్పుడో ఒకప్పుడు అక్కడ బోర్డు పెడతారు, మూడు భాషల్లో, యుద్ధం పేరూ ఏడూ శత్రువు పేరూ వేసి. నన్నెవరూ అడగరు గాని, అడిగితే ఆ అక్షరాల కింద ఇంకో వాక్యం చాలు: జాలారిపేట ఆడవాళ్ళు చాలా ఏళ్ళు దీని కప్పు మీద చేప ఆరబోసుకున్నారు, గద్దలు తప్ప శత్రువెవరూ రాలేదు.